పళ్ళ డాక్టరు పడవ కొన్న వైనం

పళ్ళ డాక్టరుకి పడవ పిచ్చి పట్టడానికి కారణం చేప అంటే అది చేపకి అన్యాయం చేసినట్టే. అసలు కారణం చేప పడకపోవడం.

ఏళ్ళ తరబడి ఆయన ఆదివారమొస్తే చాలు, ఊరి చివర జలాశయం ఒడ్డున మడత కుర్చీ వేసుకుని గాలం పట్టుకు కూర్చునేవాడు. పడ్డవన్నీ వేలెడంత పిల్లలు. "పాపం, పసివి" అని వాటిని మళ్ళీ నీళ్ళలో వదిలేసేవాడు, అక్కడికి తన దయాగుణం వల్లే బుట్ట నిండటం లేదన్నట్టు. సరిగ్గా అప్పుడే ఎవడో ఒకడు చిన్న అల్యూమినియం పడవలో నడినీళ్ళ నుంచి వచ్చి, చంకలో పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఒక చేపని ఎత్తుకుని ఒడ్డు దిగేవాడు. అది చూడలేక డాక్టరు కుర్చీ మడిచేసేవాడు.

"పెద్ద చేపలన్నీ మధ్యలోనే ఉంటాయి" అన్నాడు ఒకరోజు ఇంటికొచ్చి. "పెద్దమనుషులెక్కడైనా గోడవార కూర్చుంటారా?"

ఆయన భార్యకి ఇంటి ముందు గదిలోనే కుట్టు దుకాణం. పెళ్ళిళ్ళకీ ఆఫీసులకీ బట్టలు కుట్టడంలో ఆవిడకి మంచి పేరు. ఆ సమయానికి నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక కోటుకి భుజాలు సరిచేస్తోంది. ఆయన మాట సగమే విని, "అయితే పడవ కొనుక్కోండి" అంది సూదుల సందులోంచి.

ఆవిడ ఎప్పుడూ పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి మాట్లాడే మనిషి కాబట్టి, ఇంత సూటిగా అనుమతి దొరకడం డాక్టరుకి నమ్మశక్యం కాలేదు. మర్నాటి నుంచే పరిశోధన మొదలుపెట్టాడు.

ఉపన్యాసం ఇవ్వడానికి పళ్ళ డాక్టరుకున్న సౌకర్యం ఏ నాయకుడికీ లేదు. వినేవాడు వెల్లకిలా పడుకుని ఉంటాడు, లేచి పోలేడు. నోరు తెరిచే ఉంటుంది, ఎదురు చెప్పలేడు. ఆ తర్వాత నాలుగు నెలలూ ఊళ్ళో పన్ను నొప్పి వచ్చిన ప్రతివాడూ పడవల గురించి తెలుసుకునే ఇంటికెళ్ళాడు.

"రేకుల్ని రివెట్లతో బిగించిన పడవ తేలికండీ" అనేవాడు డాక్టరు, చేతిలో పన్ను తొలిచే మర గిర్రున తిరుగుతుండగా. "కాని కొన్నాళ్ళకి రివెట్లు వదులవుతాయి, సందుల్లోంచి నీళ్ళు ఊరతాయి. మీకు ఈ పాత సిమెంటు కదిలిందే, అలాగన్నమాట. వెల్డింగ్ చేసింది గట్టిది గానీ బరువెక్కువ. ఏమంటారు?"

"ఆఁ... హాఁ..."

"నేనూ అదే అనుకున్నా. ఇహ అడుగు సంగతి. అడుగు చదునుగా ఉంటే కదలకుండా నిలబడుతుంది, కాని అల వస్తే ఎముకలు కదులుతాయి. అడుగు కోసుగా ఉంటే అలని చీల్చుకుపోతుంది, కాని ఊగుతుంది. ఉమ్మెయ్యండి."

ఒకసారి నిజంగానే ఇరవై ఏళ్ళుగా పడవలో చేపలు పడుతున్న ఒక లారీ డ్రైవరు ఆ కుర్చీలో పడుకున్నాడు. డాక్టరు మాటలు వింటూ అతను రెండు చేతులూ పైకెత్తి, తల అడ్డంగా ఊపి, గొంతులోంచి ఏదో గట్టిగా చెప్పబోయాడు. డాక్టరు పాపం నొప్పి అనుకుని ఇంకో మత్తు ఇంజక్షను పొడిచాడు.

డాక్టరుకి సలహాదారు లేకపోలేదు. ఆయన బావమరిది, అంటే ఆవిడ తమ్ముడు, డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. పొద్దస్తమానం పక్క సీట్లో కూర్చుని "ఎడమకి కొట్టు, గేరు మార్చు, అద్దం చూడు" అని అరిచే ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. సోఫాలో కూర్చున్నా సరే, ఎదురుగా ఎవరైనా వేగంగా నడిచొస్తే కుడికాలు లేని బ్రేకుని తొక్కుతుంది. పడవ కబురు వినగానే అతను వచ్చి వాలాడు.

"బావా, పడవ కొనడమంటే పంటికి సిమెంటు పూయడం కాదు. నన్ను తీసుకెళ్ళు" అన్నాడు.

"నువ్వెప్పుడైనా పడవెక్కావా?"

"ఎక్కేదేంటి? నడిపేవాడి పక్కన కూర్చున్నా!"

కొనేలోగా కొలతలు చూసుకోవాలన్నాడు బావమరిది. ఒక సాయంత్రం ముగ్గురూ కలిసి హాల్లోని కుర్చీలు గోడకి జరిపేశారు. ఆవిడ కొలత టేపు, బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క తెచ్చింది. పన్నెండడుగుల పడవ బొమ్మ నేల మీద గీస్తే దాని ముక్కు వంటింట్లోకి వెళ్ళింది. అందులో మూడు పీటలు వేసుకుని ముగ్గురూ కూర్చున్నారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు బావమరిది అప్పుడే ఎవరు ముందు కూర్చోవాలో, ఎవరు వెనక కూర్చోవాలో పురమాయించాడు.

పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడైంది. ఆవిడ లేచి గీత దాటింది.

"అక్కా! నీళ్ళలో పడ్డావ్!" అని కేకేశాడు తమ్ముడు.

"పాలు పొంగుతుంటే ఈదుకుంటూనైనా వెళ్ళాలి కదరా."

ఆవిడ వచ్చేలోపల డాక్టరు నిలబడి గాలం విసిరే పద్ధతి చూపించబోయాడు. కర్ర కొస తగిలి పైనున్న బల్బు పగిలి పడవ నిండా గాజుపెంకులు పడ్డాయి. దాంతో పదహారడుగులదైతే తప్ప లాభం లేదని మగవాళ్ళిద్దరూ తేల్చారు. ఆవిడ చీపురు తెచ్చింది.

పడవల దుకాణం ఊరి బయట ఒక ఖాళీ స్థలంలో ఉంది. పడవలన్నీ బోర్లించి వరసగా పేర్చి ఉన్నాయి. దుకాణదారుకి ఒక గొప్ప విద్య తెలుసు. కొనేవాడు ఏ పడవ పక్కన ఆగితే ఆ క్షణానికి లోకంలో అంతకి మించిన పడవ లేదు.

"రివెట్లదా? భేషైన ఎంపికండీ, తేలిక" అన్నాడు. డాక్టరు ఇంకో అడుగు ముందుకేయగానే, "వెల్డింగా? మీకు తెలిసింది మరి. రివెట్లు ఎవరు కొంటున్నారండీ ఈ రోజుల్లో" అన్నాడు.

బావమరిది నేరుగా వెళ్ళి మోటారూ స్టీరింగూ ఉన్న పెద్ద పడవలో ఎక్కి కూర్చున్నాడు. "స్టీరింగ్ లేనిది బండేంటి బావా? ఇదే తీసుకో. రేపు నలుగురు చుట్టాలొస్తే ఎక్కించుకోవద్దూ?"

చుట్టాలని తప్పించుకోవడానికే పడవ కొంటున్నానని డాక్టరు పైకి అనలేకపోయాడు. ఆయన ముందున్నవాడు చుట్టమే.

అప్పటిదాకా నోరు మెదపని ఆవిడ, "ఏమండీ, దీన్ని మనమిద్దరం ఎత్తగలమా?" అంది.

"ఎత్తడమెందుకమ్మా, ట్రాలీ మీద పెట్టి కారుకి తగిలించుకోవడమే" అన్నాడు దుకాణదారు.

"ఆ ట్రాలీ ఎక్కడ పెట్టుకోవాలి? మాకు గేటు తీస్తే మెట్లే."

దుకాణదారు డాక్టరు వైపు చూశాడు. డాక్టరు బావమరిది వైపు చూశాడు. బావమరిది స్టీరింగు వైపు చూసుకున్నాడు. నాలుగు నెలల పరిశోధనలో ఒక్కసారైనా మెట్ల ఊసు రాలేదు.

ఆవిడ ఈలోపు కంచె వారగా వెళ్ళింది. అక్కడ పన్నెండడుగుల పడవ ఒకటి ఒంటరిగా ఆనించి ఉంది. ఆకుపచ్చ రంగు, చదునైన అడుగు, రివెట్ల పని. ఒక కొస పట్టుకుని ఎత్తి చూసింది. ఎత్తగలిగింది. "ఈ రంగు బావుంది. ఆ వెండి రంగువన్నీ గిన్నెల్లా ఉన్నాయి" అంది. నిజం చెప్పాలంటే ఆవిడ పరిశోధన అంతా ఆ రంగు దగ్గరే ముగిసింది. మిగతాది అదృష్టం.

డాక్టరు మనసులో కోరుకున్నది వెల్డింగుది, కోసు అడుగుది, పదహారడుగులది. కొన్నది రివెట్లది, చదునుది, పన్నెండడుగులది. అయినా కారు మీద పడవని తాళ్ళతో బిగించి ఇంటి దారి పట్టేసరికి, తన పరిశోధనంతా సరిగ్గా ఈ పడవ దగ్గరికే తీసుకొచ్చిందని ఆయనకి గట్టి నమ్మకం కుదిరింది. "చిన్న నీళ్ళకి చదునడుగే సరైనది. మొదట్నించీ నా ఉద్దేశం అదే" అన్నాడు దారిలో. వెనక సీట్లో బావమరిది అలిగి కూర్చున్నాడు.

ఆ ఆదివారం ముగ్గురూ లైఫ్ జాకెట్లు తొడుక్కుని జలాశయం చేరారు. డాక్టరు కొత్త టోపీ, జేబులెక్కువున్న కొత్త చొక్కా వేసుకున్నాడు. ఒడ్డున నలుగురైదుగురు చూస్తుండగా పడవని నీళ్ళలోకి దింపి ఎక్కారు. బావమరిది ముందు బెంచీ మీద చతికిలబడి, "అద్దాలు చూసుకో... సారీ, తెడ్లు తియ్యి" అన్నాడు.

కాస్త దూరం పోయారో లేదో ఆవిడ, "ఏమండీ, నా చెప్పులు తేలుతున్నాయి" అంది.

డాక్టరు కిందికి చూశాడు. పడవలో చీలమండల దాకా నీళ్ళు.

"రివెట్లు! నే చెప్పలేదూ, రివెట్లు వదులవుతాయని!" అంటూ తెడ్లు వదిలేసి వంగి, పుచ్చిన పన్ను కోసం వెతికినట్టు ఒక్కొక్క రివెట్టునీ వేలితో తడిమి చూడటం మొదలుపెట్టాడు.

"బావా కుడికి జరుగు! అక్కా ఎడమకి! ఆపు, ఆపు!" అని బావమరిది కుడికాలితో బలంగా బ్రేకు తొక్కాడు. అల్యూమినియం అడుగు గుడిగంటలా ధణ్ మంది. జలాశయంలో చెవులున్న చేపలన్నీ అవతలి ఒడ్డుకి వలస పోయి ఉంటాయి.

పడవ మాత్రం ఏ హడావిడీ లేకుండా, పెద్ద ముత్తైదువ పీట మీద కూర్చున్నంత నెమ్మదిగా, నీళ్ళలో కూర్చుంది. అక్కడ లోతు తొడల దాకానే. ముగ్గురూ నీళ్ళలో నిలబడ్డారు. ఒడ్డు మీది జనం మర్యాదస్తులు కాబట్టి మొహాలు తిప్పుకుని నవ్వారు.

ఆవిడ పడవ వెనక పలక కిందుగా చెయ్యి పెట్టి తడిమింది. "ఇక్కడ బొటనవేలు పట్టేంత కన్నం ఉందండీ. ఇది ఉండాల్సిందేనా?"

డాక్టరు కొత్త చొక్కా జేబు గుండీ విప్పి రబ్బరు బిరడా ఒకటి తీశాడు. పడవలోకి చేరిన వాననీళ్ళు బయటికి పోవడానికి పెట్టిన కన్నం అది. నీళ్ళలోకి దింపే ముందు దాన్ని మూయమని దుకాణదారు మరీమరీ చెప్పి చేతికిచ్చాడు. పోతుందేమోనని డాక్టరు భద్రంగా గుండెలకి హత్తుకుని తిరుగుతున్నాడు.

"ఊళ్ళోవాళ్ళ పళ్ళలో కన్నాలన్నీ పూడుస్తారు..." అని మొదలుపెట్టి ఆవిడ వాక్యం పూర్తి చేయలేకపోయింది. నవ్వి నవ్వి పడవ అంచు పట్టుకుని వంగిపోయింది. కాసేపటికి డాక్టరుకీ నవ్వాగలేదు. బావమరిది మాత్రం నీళ్ళోడుతున్న ఫోను దులుపుకుంటూ, తనకి పదకొండింటికి ఒక కొత్త స్టూడెంటుకి క్లాసుందని గుర్తొచ్చి ఒడ్డుకి నడిచిపోయాడు.

పడవని ఒడ్డుకి లాగి ఒరిగించి నీళ్ళు పారబోశారు. నిండా మునిగినవాళ్ళకి చలేమిటని, బిరడా బిగించి భార్యాభర్తలిద్దరే మళ్ళీ ఎక్కారు. డాక్టరు తెడ్లేస్తే పడవ బొంగరంలా ఒకేచోట తిరిగింది. "ఇటివ్వండి" అని ఆవిడ తీసుకుంది. మిషను తొక్కీ బట్ట కత్తిరించీ లయ అలవాటైన ఒళ్ళు కాబట్టి, నాలుగుసార్లు తప్పుగా వేశాక అయిదోసారికి పడవ తిన్నగా సాగింది.

నడినీళ్ళకి చేరాక డాక్టరు గాలం విసరబోయి ఆగిపోయాడు. చుట్టూ ఇంకో మూడు పడవలున్నాయి. వాటిల్లోవాళ్ళంతా గాలాలు విసురుతున్నది ఒడ్డు వైపుకే, తుంగ మొలిచిన చోటికి, ఇన్నేళ్ళూ తను కుర్చీ వేసుకున్న చోటికి.

ఆయనా గాలాన్ని అటు తిప్పి విసిరాడు. నీళ్ళు పడవ అడుగుని మెల్లిగా తడుతున్నాయి. గాలి చల్లగా ఉంది. నాలుగు నెలల తర్వాత భర్త నోరు మూసుకుని ఉండటం చూసి ఆవిడ ముందు భయపడింది, తర్వాత హాయిగా కాళ్ళు చాపుకుంది. ఆ రోజు ఏమీ పడలేదు. ఇంటికెళ్తూ, "మళ్ళీ ఆదివారం కూడా వద్దామా?" అని అడిగింది ఆవిడే.

కథ ఇక్కడితో అయిపోతే డాక్టరు బాగుపడ్డాడని చెప్పుకోవచ్చు. కాని రెండో ఆదివారం పడవని నీళ్ళలోకి దింపుతుంటే ఒక తపాలా గుమాస్తా దగ్గరికొచ్చి, "సార్, నేనూ చిన్న పడవ ఒకటి కొందామనుకుంటున్నా. ఎలాంటిది తీసుకోవాలంటారు?" అని అడిగాడు.

డాక్టరు వెన్ను నిటారైంది. పడవలో ఒకే ఒక్కపూట తిరిగిన అనుభవంతో గొంతు సవరించుకున్నాడు.

"అసలు ముందు మీ ఇంటికి మెట్లున్నాయా? అది చెప్పండి. చాలామంది అక్కడే పప్పులో కాలేస్తారు."

"ఏమండీ, వస్తున్నారా?" అంది ఆవిడ పడవలోంచి.

"రెండు నిమిషాలు." గుమాస్తా వైపు తిరిగాడు. "ఇహ పోతే, అడుగు సంగతి..."

ఆవిడ కాసేపు చూసింది. బిరడా బిగించి ఉందో లేదో తడిమి చూసుకుంది. తెడ్లు అందుకుని, గాలంతో సహా తనే వెళ్ళిపోయింది.

ఎండెక్కాక తిరిగొచ్చేసరికి బుట్టలో రెండు చేపలున్నాయి, మధ్యరకానివి. గుమాస్తా ఎప్పుడో జారుకున్నాడు. ఇప్పుడు డాక్టరు ముందు వేరే ఇద్దరున్నారు. ఆయన బుట్టలోంచి ఒక చేపని ఎత్తి వాళ్ళకి చూపించాడు.

"చూశారా? చదునడుగు మహిమ!"

"అవునండీ, పడవే పట్టింది" అంది ఆవిడ, వాళ్ళకి వినపడేలా. మొహం కడుక్కుని సీసాలో నీళ్ళు తాగింది. ఎరల డబ్బా మూత తీసి ఎన్ని మిగిలాయో చూసుకుంది.

"మీరు కానివ్వండి. నేనింకో చుట్టు తిరిగొస్తా" అని పడవని కాలితో నీళ్ళలోకి తోసింది.