అచ్చయమ్మగారి మడి

అచ్చయమ్మగారు యాభై నాలుగేళ్ళ వయసులో మళ్ళీ బయట చేరేరని పక్కింటి పార్వతి చెప్పిందిట. చెప్పింది ఒక్కరికే, అదీ కాలవ రేవులో. మధ్యాహ్నానికి మురమళ్ళలో మా వీధి వీధంతా ముక్కు మీద వేలేసుకుంది.

అబద్ధమేం కాదు. ఆవిడకి ముట్లుడిగి ఎనిమిదేళ్ళయింది. ఏ తిథి వచ్చినా అడ్డం లేని మనిషి గనకే ఎవరింట తద్దినమైనా మడి వంటకి ఆవిడే కావాలి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. తద్దినాలు లేని రోజుల్లో ఆవిడ గొంతు ఆవిడకే వినపడేది కాదు.

తొంభై ఏడు మాఘమాసంలో ఎవరింట్లోనో గంజి వారుస్తుంటే మణికట్టు విరిగింది. గిన్నె పెద్దదేం కాదు. అమలాపురంలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఎముకలు గుల్లబారేయండి. మీ అమ్మగారికి నడుం వంగిపోయిందా?" అంది.

"ఆయ్. చివరికి నేలని చూస్తూనే పోయిందండి."

డాక్టరమ్మ ఎముకల బలానికి హార్మోను మాత్రలు రాసింది. నెలనెలా కాస్త కనపడుతుంది, కంగారు పడొద్దని ముందే చెప్పింది.

కనపడింది. దాచుకోవచ్చు, ఎవరు చూడొచ్చారు? కాని ఒకరి పితృకార్యం తన చేతుల మీదుగా మైలపడటం ఆవిడకి ఇష్టం లేదు. బయట చేరాను, రాలేనని తద్దినానికి పిలిచినవాళ్ళకి కబురంపింది. అంతే, ఆ తర్వాత మైల లేని రోజుల్లో కూడా ఎవరూ పిలవలేదు. ఒక్కదానికి వండుకోవడం ఆవిడకి చేతకాలేదు. అన్నం రోజూ మిగిలిపోయేది.

శ్రావణంలో మా వీధి శరభయ్యగారు భార్య ఉమాదేవితో వచ్చి అరుగు మీద కూచున్నారు. అచ్చయమ్మ గబగబా చాప వేసింది. ఉన్న కాఫీపొడంతా వేసి కాఫీ పెట్టింది.

"వచ్చే నెల మా అమ్మ ఆబ్దికం అక్కయ్యగారూ. మీరే రావాలి" అన్నారాయన.

"ఆ మాత్రలేవో మానేస్తే సరిపోతుంది కదండీ," అంది ఉమాదేవి. "ఈ వయసులో ఎందుకండీ ఆ వైభోగం? మీకు మళ్ళీ పెళ్ళికళ వచ్చిందంటోంది పార్వతి" అని నవ్వింది.

అచ్చయమ్మ కూడా నవ్వింది. నవ్వి చాలా రోజులైంది. తద్దినపు వంటింట్లో మళ్ళీ నలుగురి మధ్య నిలబడాలని ప్రాణం లాగింది.

"ఆ ఒక్క నెలా మానితే చాలా?"

"ఒక్క నెలేవిటండీ! వీధిలో అందరికీ మీరేగా దిక్కు. ఇక వాటి జోలికే పోకండి."

అచ్చయమ్మ ఖాళీ గ్లాసులు రెండూ దగ్గరికి తీసుకుంది.

"సరే, మానేస్తాను. రేపు తుంటి విరిగి మంచాన పడితే, నా ముడ్డి కడగడానికి మీ ఇద్దరిలో ఎవరొస్తారు?"