బాతుల పిల్లకు మొక్కు

మా బిల్డింగులో రెండు లిఫ్టులున్నాయి. ఎప్పుడో గాని జరగని విడ్డూరం, ఆ వారం రెండూ పనిచేస్తున్నాయి. అయినా బాలగారు మెట్లెక్కుతున్నారు. డెబ్భై దాటిన మనిషి, కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది, చేతిలో కర్ర. నేను చెత్త పడేయడానికి వెళ్తూ మెట్ల తలుపు తీసేసరికి, మలుపులో గోడకానుకుని రొప్పుతూ కనిపించారు.

నాకు ఒళ్లు మండింది. నాకు తొందరగానే మండుతుంది, కెనడాలో మా స్కార్‌బరోలో నన్నెరిగిన వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు.

“ఏమండీ, లిఫ్టు ఏం పాపం చేసింది?” అన్నాను.

“ప్రాక్టీస్ సరోజా. నేనొక ఫౌంటెన్ ఎక్కాలి.”

“ఫౌంటెన్ ఎక్కడమేంటండీ, నా తల్లీ! ఎక్కడది?”

“జర్మనీలో. గొట్టింగెన్‌లో.”

చెత్త సంగతి మర్చిపోయి ఆవిడను మా ఇంటికి లాక్కొచ్చి టీ పెట్టాను.

బాలత్రిపురసుందరి గారిది మా పై అంతస్తు. రిటైరయ్యేదాకా ఒక ల్యాబులో తాగునీళ్లు పరీక్ష చేసేవారు. ఎప్పుడో జర్మనీలో కెమిస్ట్రీ చదివారని తెలుసు గాని, ఎంతవరకు చదివారో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. పీహెచ్‌డీ అట! పక్కింటి పిల్లాడి ఎల్‌కేజీ సర్టిఫికెట్ గురించి వాట్సాప్‌లో మోత మోగిపోతుంటే, ఈవిడ పీహెచ్‌డీని నలభై ఏళ్లు నోట్లోనే దాచుకున్నారు.

“ఆ ఊరు నిండా చదువులేనమ్మా. ఊరి నడిబొడ్డున పాత టౌన్ హాల్ ముందు ఫౌంటెన్ ఉంటుంది. దాని మీద బాతుల్ని పట్టుకుని నిలబడ్డ ఒక పల్లెటూరి పిల్ల విగ్రహం. కొత్తగా డాక్టరేట్ వచ్చిన వాళ్లని స్నేహితులు బండిలో కూర్చోబెట్టి, ఊరేగింపుగా లాక్కొస్తారు. ఆ డాక్టర్ ఫౌంటెన్ ఎక్కి, విగ్రహానికి పూలిచ్చి ముద్దు పెట్టాలి. అది వాళ్ల ఆచారం.”

“మీరు పెట్టలేదా?”

“బండి ఎక్కాను. పూలు పట్టుకున్నాను. అక్కడిదాకా వెళ్లి ఆగిపోయాను.” ఆవిడ కప్పు కింద పెట్టారు. “వాళ్లకది బాతుల పిల్ల. నా కళ్లకి మాత్రం పక్కన హంసతో సరస్వతీదేవిలా కనిపించింది. ఎగబాకి ముద్దు పెట్టడానికి చేతులు రాలేదు. దణ్ణం పెట్టి మొక్కుకున్నాను. నాకు యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఉద్యోగం రానీ తల్లీ, అప్పుడొచ్చి నీ ముద్దు నీకు చెల్లిస్తా అని.”

నేను నవ్వబోయి ఆపుకున్నాను. ఇంకెవరు మొక్కుకుంటారు చెప్పండి, బాతుల పిల్లకి? మనవాళ్లే!

ఆ ఉద్యోగం రాలేదు. కెనడా వచ్చాక కనిపించిన ప్రతి యూనివర్సిటీకీ అప్లై చేశారట. కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ లేదన్నారు కొందరు, ఓవర్ క్వాలిఫైడ్ అన్నారు కొందరు. చివరికి నీళ్ల ల్యాబు దొరికింది. ఆ పని బాగానే చేశారు, అందులోనే రిటైరయ్యారు. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది.

శనివారం పక్క ఊరు మార్కమ్ నుంచి వాళ్లమ్మాయి అనిత వచ్చింది. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టింది, టెక్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. బాలగారు నన్ను కూడా పిలిచారు, బలం కోసం.

“అమ్మా, సీరియస్‌లీ? నీ సర్జరీ డేట్ వచ్చేసింది. అది అవ్వనీ. నెక్స్ట్ ఇయర్ తీసుకెళ్తా, ప్రామిస్.”

“కొత్త మోకాలు పెట్టాక ఇలాంటి ఎక్కుళ్లు వద్దని సర్జన్ నీ ముందే చెప్పాడు. వెళ్తే ఇప్పుడే వెళ్లాలి.”

“అయితే ఎక్కొద్దు! కింద నిలబడి ఫోటో దిగు. ఎనీవే, ప్రొఫెసర్ జాబ్ రాలేదు కదా? ఇట్ వాజ్ యువర్ కండిషన్.”

ఆ మాటకి నాకే చివుక్కుమంది. బాలగారు మాత్రం కూతురి కళ్లలోకి సూటిగా చూశారు.

“అవును, ఆ షరతు నేనే పెట్టుకున్నాను. అదే తప్పు. పట్టా చేతికొచ్చిన రోజునే నా పని పూర్తయింది అనితా. మధ్యలో ఉద్యోగాన్ని ఎందుకు తెచ్చాను? ఎవరో పిలిచి కుర్చీ వేస్తే తప్ప నేను డాక్టర్ని కాననుకున్నాను. నేను సంపాదించుకున్న దాన్ని నేనే ముట్టుకోలేదు. ఇక ఎవర్నీ అడగను. నిన్ను కూడా.”

అనిత ఫోను తీసి క్యాలెండర్ చూసుకుంది. “ఫైన్. నేనూ వస్తా. బట్ అక్కడ సేఫ్ కాదనిపిస్తే, ఐ విల్ స్టాప్ యూ,” అంది.

తర్వాత రోజుల్లో బాలగారు మెట్లు వదల్లేదు. ఏడ్చేంత నొప్పి వచ్చిన రోజు ఏడ్చి, మళ్లీ ఎక్కారు. నేను వెనకాలే తిట్టుకుంటూ ఎక్కేదాన్ని. పడితే పట్టుకోవాలి కదా.

వాళ్లు గొట్టింగెన్ చేరిన మర్నాడు, ఇక్కడ పొద్దున్నే వీడియో కాల్ వచ్చింది. నేను కుక్కర్ పెట్టి ఫోన్ ముందు కూర్చున్నాను. అనిత ముందు ఊరంతా చూపించింది. వాళ్లమ్మ అలిసిపోయి మనసు మార్చుకుంటుందని ఆశ కాబోలు. పాత కోటగోడ మీద చెట్ల నీడలో నడక దారి. ఒకరు కూర్చుని, ఒకరు నిలబడి మాట్లాడుకుంటున్న ఇద్దరు శాస్త్రవేత్తల విగ్రహం. ఎవరెవరు ఏ ఇంట్లో ఉండి చదివారో రాసిన పలకలు గోడల మీద. బాలగారు ఒక మేడ కిటికీ చూపించి, “ఆ గదిలోనే ఉండేదాన్ని,” అన్నారు.

“మరి మీ పలకేదండీ?”

“నీళ్లు పరీక్ష చేసేవాళ్లకి పలకలు పెట్టరమ్మా,” అని నవ్వి, కర్ర ఊపుతూ నడిచారు. ఆవిడేం అలిసిపోలేదు.

ఫౌంటెన్ వచ్చింది. చుట్టూ ఇనప తీగల అల్లిక, దాని కింద బాతుల్ని పట్టుకున్న పిల్ల, ఒళ్లంతా పూలగుత్తులు. అప్పుడే ఒక కుర్రది డాక్టరేట్ టోపీతో ముద్దు పెట్టి దిగింది. కింద స్నేహితులు, అలంకరించిన బండి, గోల.

బాలగారు కర్ర కూతురికిచ్చి తొట్టి గట్టు మీద కాలు పెట్టారు. రెండో కాలు లేవలేదు. మోకాలు వణుకుతోంది, ఫోనులో నాకే కనిపిస్తోంది.

“అమ్మా, దిగు. ప్లీజ్, ఇనఫ్.”

“నువ్వు ఆపుతానన్నావు, ఆపు చూద్దాం,” అన్నారు ఆవిడ, ఇనప తీగని రెండు చేతులతో పట్టుకుని.

ఫోను ఒక్కసారి పక్కకి ఒరిగింది. మళ్లీ నిలబడేసరికి దాన్ని పట్టుకున్నది ఇంకెవరో. అనిత నీళ్లలోకి దిగి, వాళ్లమ్మ కాలి కింద తన భుజం పెట్టింది. ఇటు పక్కనుంచి ఆ టోపీ అమ్మాయి చెయ్యి అందించింది. బాలగారు పళ్లు బిగించి లేచారు. పైకెళ్లారు.

విగ్రహం ఎదుట అలవాటు కొద్దీ చేతులు జోడించి, కళ్లు మూసుకున్నారు. మళ్లీ మొక్కుతున్నారేమోనని భయపడ్డాను. కాని ఆవిడ కళ్లు తెరిచి, చేతులు దించి, ఆ పిల్ల బుగ్గ మీద గట్టిగా ముద్దు పెట్టారు.

టోపీ అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది, ఈవిడెవరని. కింద నీళ్లలో తడిసి ముద్దయిన అనిత, ఆ కూడలంతా వినపడేలా అరిచింది. “మా అమ్మ! డాక్టర్ బాలత్రిపురసుందరి! కెమిస్ట్రీ, నైన్టీన్ ఎయిటీవన్!”

చప్పట్లు మోగాయి. బాలగారు పైనుంచి ఫోను కోసం వెతుక్కుంటున్నారు.

“సరోజా, చూశావా?”

ఇన్నేళ్లూ ఆవిడని బాలగారూ అనే పిలిచాను.

“చూశానండీ, డాక్టరుగారూ,” అన్నాను.

ఆ పూట కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో నాకు వినపడలేదు. పప్పు అడుగంటింది.