ఉచిత కాపలా

రమణబాబు పాత పెయింటు బ్రష్షుతో ఫ్యాను రెక్కల సందుల్లో దుమ్ము దులుపుతున్నాడు. రెండుసార్లు దులపడం, తల పక్కకు తిప్పి ఒకసారి తుమ్మడం. మెట్టుగూడలో ఒక పాత మేడ మెట్ల కింద ఉన్న ఆ ఇరుకు షాపులో పొద్దుటి నుంచి అది రెండో కంప్యూటరు.

యాభై రెండేళ్ల మనిషి. స్క్రూలు తిప్పీ తిప్పీ కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి, మళ్లీ అతుక్కోవడం మానేసింది. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు. ఇరవై ఆరేళ్ల కిందట హార్డ్‌వేర్ కోర్సు నేర్చుకుందామని ఇచ్ఛాపురం నుంచి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. కంపెనీలు అతన్ని తీసుకోలేదు, అతనూ గట్టిగా అడగలేదు. ఇళ్లల్లో ఉన్న కంప్యూటర్లు బాగుచేయడమే బతుకైంది. సైనిక్‌పురి నుంచి బేగంపేట దాకా ఎన్నో ఇళ్లల్లో అతని చెప్పులకు గుమ్మం పక్కన ఒక జాగా ఉంది.

కౌంటరు ముందు నిలబడ్డ రిటైర్డ్ గుమాస్తా అడిగాడు. “ఫ్రీ యాంటీవైరస్సుల్ల ఏది మంచిగుంటది భయ్?”

రమణబాబు బ్రష్షు పక్కన పెట్టాడు. ఈ ప్రశ్న అంటే అతనికి ఇష్టం.

“ఫ్రీ అంటే అన్నీ ఒకటి కాదండి. ముందు మీ మిషన్ వయసెంతో సెప్పండి. పాతదానికి బరువైంది ఎక్కిస్తే దొంగలు రాకముందే చతికిలబడిపోద్ది.”

“రెండు ఎక్కిస్తే గట్టిగుండదా?”

“ఒక ఇంటికి ఒక్క కాపలావోడే ఉండాలండి. ఇద్దర్ని పెడితే ఒకణ్నొకడు దొంగ అనుకుని కొట్టుకుంటారు. పైన ఇంకోటి, గూఢచారుల్ని ఏరేది, అది రోజూ కూకోదు. వారానికోసారి వచ్చి ఇల్లంతా వెతికి పోద్ది. ఆ రెండూ చాలు. తయారుచేసినోళ్ల సైటులోంచి తప్ప ఇంకెక్కణ్నుంచీ దించొద్దు.”

ఈ చివరి మాట ఇరవయ్యేళ్లుగా అందరికీ చెబుతున్నాడు. కానీ రెండేళ్లుగా అతనే దాన్ని పాటించడం లేదు. దించే పని భాగస్వామి రాజేందర్ తీసుకున్నాడు. “ఇండ్లల్ల నెట్ కోసం కూసుంటే దినం ఖరాబ్ అయితదన్నా. నేను దించి పెన్‌డ్రైవ్‌ల పెడ్తా, నువ్వు పోయి ఎక్కియ్” అన్నాడు. రమణబాబు ఇంకేం ఆలోచించలేదు. తన భార్య దేవికకు డెంగీ వచ్చి రక్తకణాలు పడిపోయినప్పుడు, పిలవకుండానే వచ్చి రక్తం ఇచ్చినవాడు రాజేందర్. అలాంటివాడు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను అనుమానించడం అతనికి చేతకాదు.

పదకొండింటికి మేబెల్ టీచర్ ఫోన్ చేసింది. “ఒకసారి రా రమణా. ఇవాళే రా” అని మాత్రం అంది.

స్కూటరు మీద మల్కాజ్‌గిరి మీదుగా, నేరేడ్‌మెట్ దాటి సైనిక్‌పురి చేరేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. మేబెల్ టీచర్‌ది తండ్రి మిలిటరీ నుంచి వచ్చాక కట్టిన ఇల్లు. బేగంపేటలో ఒక స్కూల్లో ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరై, పెళ్లి చేసుకోకుండా ఆ ఇంట్లోనే ఉంటోంది. డెబ్బై ఒకటో ఏడు. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, గంజి పెట్టిన కాటన్ గౌను. ఎండాకాలమైనా భుజాల మీద శాలువా కప్పుకుని ఉంది. చెల్లెలు క్యారల్ వెనక వీధిలోనే ఉంటుంది, రోజుకు రెండుసార్లు వచ్చి పోతుంది.

“ఈ కంప్యూటరు నా మాటలు బయట చెబుతోంది రమణా” అంది మేబెల్.

రమణబాబు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. పాఠం చెప్పేటప్పటిలాగే, తొందర లేకుండా చెప్పింది. “రెండు నెలల కిందట ఇక్కడ గడ్డలాంటిది చేతికి తగిలింది.” శాలువా మీద నుంచే ఎడమవైపు చెయ్యి ఆనించి వెంటనే తీసేసింది. “క్యారల్‌కి చెప్పలేదు. డాక్టర్ దగ్గరికీ పోలేదు, భయం. ప్రార్థనలో కూడా దాని పేరెత్తలేదు. దీన్నొక్కదాన్నే అడిగాను.”

టేబుల్ మీది కంప్యూటరు వైపు చూసింది.

“వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. ‘మేబెల్ గారేనా? క్యాన్సర్ ట్రీట్‌మెంట్‌కి మా దగ్గర ప్యాకేజీ ఉంది మేడమ్’ అని. పేరు పెట్టి అడుగుతున్నారు రమణా. మొన్న నేను స్నానానికి పోతే ఫోన్ క్యారల్ ఎత్తింది.”

“ఆవిడేమన్నారు మేడమ్?”

“ఫోన్ చేసి సరుకమ్మే పిల్లకి తెలిసిన సంగతి నాకు తెలియలేదు కదక్కా అంది. అప్పట్నుంచి ఇటు రాలేదు.”

రమణబాబు స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. గూఢచారుల్ని ఏరే సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని, ఈసారి పెన్‌డ్రైవ్‌లోంచి కాకుండా తయారీదారు సైటులోంచే దించి నడిపించాడు. ఆకుపచ్చ గీత నెమ్మదిగా పాకింది. మేబెల్ లోపలికి వెళ్లి టీ పెట్టుకొచ్చి అతని మోచేతి దగ్గర ఉంచింది.

గీత చివరికి చేరేసరికి ఎర్ర అక్షరాల్లో పద్నాలుగు వరసలు వచ్చాయి. ఏ సైటు చూశారు, ఏం వెతికారు, అన్నీ పోగుచేసి బయటికి పంపే రకం. ఇన్నాళ్లూ యాంటీవైరస్ దాన్నెందుకు పట్టలేదా అని సెట్టింగులు తెరిచాడు. వదిలేయాల్సినవాటి జాబితాలో దాని పేరే ఉంది. కాపలావాడికి ముందే ఎవరో చెప్పిపెట్టారు, వీడు మనవాడేనని.

అది ఎప్పుడు వచ్చిందో చూశాడు. మార్చి పదకొండు, ఉదయం పదకొండూ నలభై రెండు. యాంటీవైరస్ వచ్చిన తేదీ అదే, నిమిషం కూడా అదే.

మార్చి పదకొండు అతనికి గుర్తుంది. ఈ స్టూలు మీదే కూర్చుని, పెన్‌డ్రైవ్ గుచ్చి, రిజిస్ట్రేషన్ ఫారంలో మేబెల్ పేరూ ఫోన్ నంబరూ తనే కొట్టాడు. పేరులో ఒక అక్షరం తప్పు పడితే ఆమె వెనక నుంచి దిద్దింది కూడా.

సంచీలోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు. వెతికిస్తే అవే పేర్లు.

ఎన్ని ఇళ్లు! ఈ రెండేళ్లలో తను చెప్పులు విడిచిన ప్రతి ఇల్లూ కళ్లముందు తిరిగింది. ఆ ఇళ్లవాళ్లు మంచినీళ్లిచ్చారు, ఫ్యాను తనవైపు తిప్పారు, పాస్‌వర్డులు నోటితో చెప్పారు.

“ఇది నేనే పెట్టాను మేడమ్” అన్నాడు. “తెలిసి కాదు. కానీ నా సేత్తోనే ఎక్కించాను.”

మేబెల్ తెర మీది ఎర్ర వరసలనే చూసింది. ఆమెకు కోపం వచ్చినా బాగుండేది.

“నువ్వు పెట్టావు కాబట్టే కదా రమణా, దీన్ని అడిగాను” అంది.

అన్నీ తీసేశాడు. కంప్యూటరుతో పాటు వచ్చే కాపలాను తిరిగి నిలబెట్టాడు. వారానికోసారి వెతికేదాన్ని అమర్చి, ఎలా నడపాలో చెప్పాడు. ఆమె తలూపింది. ఎప్పుడూ టీ చల్లారనిచ్చేది కాదు, తాగేదాకా నిలబడేది. ఆ రోజు కప్పులో టీ మీద మీగడ కట్టింది, ఇద్దరిలో ఎవరూ దానివైపు చూడలేదు. గేటు దగ్గర మాత్రం, “మేడమ్, డాక్టర్‌కి చూపించండి. మీ చెల్లెల్ని తీసుకెళ్లండి” అన్నాడు. ఆ మాట అనే హక్కు తనకింకా ఉందో లేదో అతనికి తెలియలేదు.

షాపులో రాజేందర్ మిర్చీబజ్జీల పొట్లం విప్పుతున్నాడు. నలభై నాలుగేళ్లవాడు, నిండైన మనిషి, దగ్గరికొస్తే అత్తరు వాసన.

“రా అన్నా, గరంగరం ఉన్నయ్.”

రమణబాబు పెన్‌డ్రైవ్‌ను కౌంటరు మీద పెట్టాడు. “ఏటి రాజేందరూ ఇది?”

రాజేందర్ చూశాడు. పొట్లం మళ్లీ మడిచాడు. ఆ మడవడంలోనే రమణబాబుకు జవాబు దొరికింది. దారి పొడుగునా, రాజేందర్ కూడా మోసపోయాడేమోనని ఒక చిన్న ఆశ ఉండింది. అది పోయింది.

“ఢిల్లీ పార్టీ ఒకటుందన్నా. ఆళ్లు తయారుజేసి పంపుతరు. ఎక్కించినదానికి గింత అని ఇస్తరు. గంతే.”

“గంతేనా?”

“నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్? మన జేబుల ఫోన్ సుత అదే జేస్తది. ఫ్రీ అంటే ఉత్తగ ఎట్లొస్తదన్నా? దునియా మొత్తం గట్లనే ఉంది.”

“నాకెందుకు సెప్పలేదు?”

రాజేందర్ తల గోక్కున్నాడు. అబద్ధం చెప్పే ఓపిక కూడా అతనికి లేనట్టుంది. “చెప్తే నువ్వు పెట్టవు గదా. నేను పెడ్తానంటే ఎవరు రానిస్తరు? నిన్ను జూసే గదన్నా తలుపు తీసేది.”

రమణబాబు కౌంటరు అంచు పట్టుకున్నాడు. పోట్లాడటం అతనికి ఎప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. ఇరవై ఆరేళ్లలో తను కూడబెట్టుకున్నదంటూ ఉంటే ఆ తలుపులు తెరుచుకోవడమే. దాన్ని ఈ మనిషి, దేవికకు రక్తమిచ్చిన ఈ మనిషి, తనతోనే మోయించి అమ్ముకున్నాడు. ఆ రక్తం అబద్ధం కాదు. అదే అతనికి భరించరానిదిగా ఉంది.

స్క్రూడ్రైవర్ల సంచీ, బ్రష్షు, ఇళ్ల చిరునామాలు రాసుకున్న డైరీ తీసుకున్నాడు.

“ఏడికి పోతున్నవన్నా? జెర కూసో. మాట్లాడుకుందాం.”

“మళ్లీ రాను” అన్నాడు రమణబాబు. మెట్ల కింద వంగి బయటికి వచ్చాడు. పదిహేనేళ్లుగా అక్కడ తల తగలకుండా వంగడం అలవాటు. ఆ రోజూ తగల్లేదు.

డైరీ పట్టుకుని ఒక్కో ఇంటికీ వెళ్లాడు. జరిగింది చెప్పి, తీసేసి వచ్చాడు. కొందరు నవ్వి, మా దగ్గర దాచేదేముందయ్యా అన్నారు. కొందరు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. బేగంపేటలో ఒకాయన అతన్ని లోపలికి రానివ్వలేదు, వేరేవాళ్లను పిలిపించుకుంటానన్నాడు. అందరికీ అదే మాట చెప్పాడు. తెలిసి కాదు, కానీ నా చేత్తోనే. ఇల్లిల్లూ చెప్పేకొద్దీ అతనికే అది సాకులా వినిపించసాగింది.

మేబెల్‌కు రెండుసార్లు ఫోన్ చేశాడు. క్యారల్‌తో డాక్టర్ దగ్గరికి వెళ్లానంది. వైద్యం జరుగుతోందంది. కంప్యూటరు ఎలా ఉందని అడిగితే, “బాగానే ఉంది” అంది.

వానలు మొదలయ్యాక ఒక మంగళవారం క్యారల్ ఫోన్ చేసింది. “అక్క పోయి పదకొండు రోజులైందండి. ఆలస్యమైపోయింది అన్నారు. ఆ కంప్యూటరు చర్చి వాళ్లకిచ్చేద్దామని. అందులో ఉన్నవన్నీ తుడిచేసి పోతారా?”

ఆ గదిలో శాలువా కుర్చీ వీపు మీదే ఉంది. రమణబాబు స్టూలు మీద కూర్చుని కంప్యూటరు వేశాడు. వారానికోసారి నడపమని చెప్పిన సాఫ్ట్‌వేర్‌ను తెరిచాడు. చివరిసారి వెతికిన తేదీ, అతను పెట్టి వెళ్లిన రోజే. ఆ తర్వాత ఒక్కసారి కూడా దాన్ని నడపలేదు. కంప్యూటరు చిట్టా చూస్తే, ఒక్కసారి కూడా దాన్ని వేయలేదు.

తుడవడం అయ్యేదాకా కూర్చుని, మూటగట్టడానికి కీబోర్డు ఎత్తాడు. కింద రూళ్ల కాగితం ఒకటి, రెండు మడతలుగా ఉంది. పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు. మందు వేసుకున్నాక వాంతి అయితే మళ్లీ వేసుకోవాలా? చెయ్యి వాపు తగ్గుతుందా? చివరికి నొప్పి ఎక్కువగా ఉంటుందా? పరీక్ష పేపరులోలాగా ప్రతి ప్రశ్నకూ పక్కన నంబరు, చివర ప్రశ్న గుర్తు, జవాబు రాయడానికి కింద రెండేసి ఖాళీ గీతలు.