కరారు తీరిన ఇల్లు

చింతామణిలో ఇల్లు కట్టుకోవడానికి కొండప్పకు పన్నెండేళ్లు పట్టింది. బండి తోలి బతికే మనిషి. నంది కొండ పక్క నుంచి ఊళ్లోవాళ్ల ఇళ్లకు రాయి తోలుతూ, కూలిలో కొంత రాయిగానే అడిగి తెచ్చుకుని గోడలు లేపాడు. ఆ ఇంట్లో భార్య పుట్టమ్మతో ఆరేళ్లు ఉన్నాడో లేదో, పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఎడ్లు అమ్మినా వైద్యానికి చాల్లేదు. ఇంటిని వెంకటేశప్ప అనే శనక్కాయల వ్యాపారికి మూడేళ్లకు బాడుగకిచ్చి, ఇద్దరూ బాగేపల్లిలో పుట్టమ్మ చెల్లెలు మునిలక్ష్మమ్మ ఇంటి పంచన చేరారు.

1942 ఉగాదికి బాడుగ కరారు గడువు తీరింది. పుట్టమ్మ బస్సెక్కి చింతామణికి పోయింది. నడింటి దాకా మూటలు పేర్చి ఉన్నాయి.

“యుద్ధం రోజులమ్మా, ఇంత సరుకు యాడికి ఎత్తుకుపోను? రెండు రూపాయలు ఎక్కువిస్తా, ఉండనీ” అన్నాడు వెంకటేశప్ప.

“బాడుగ వద్దప్పా. ఆయన ఇంటికి పోదామని ఒకటే పోరు పెడతాండాడు.”

“చూస్తాంలేమ్మా.”

నాలుగు నెలలు తిప్పుకున్నాడు. చివరికి ఆమె కమ్మలు అమ్మి ప్లీడరు జనార్దనయ్య దగ్గరికి పోయింది. ఆయన దావా వేసి, ఒక్క మాట గట్టిగా చెప్పాడు.

“ఇంక ఆయన బాడుగ పంపితే ముట్టుకోవద్దమ్మా. తీసుకుంటే కరారు మళ్లీ సాగినట్టే అంటారు. ఖాళీ చేయకుండా ఉన్న ప్రతి నెలకూ పరిహారం కోర్టే ఇప్పిస్తుంది.”

నెలనెలా వెంకటేశప్ప మనియార్డరు పంపేవాడు. పుట్టమ్మ తిప్పి పంపేది. ఇంట్లో రాగిపిండి లేని రోజు కూడా తిప్పి పంపింది.

“వచ్చే దుడ్లు వెనక్కి పంపి, నా పిల్లోళ్ల ముద్దలో భాగానికి వస్తాండావే అక్కా” అంది మునిలక్ష్మమ్మ. పుట్టమ్మ ఆ రోజు నుంచి ఒంటిపూట తినడం మొదలుపెట్టింది.

“పుట్టా, ఇంగా ఎన్ని దినాలు?” అని కొండప్ప వాయిదా వాయిదాకూ అడిగేవాడు.

“వచ్చే నెలకు అయిపోతాదంట.”

రెండో ఏడు వానలకు అతని మాట కూడా మొద్దుబారింది. పంచలోకి జల్లు కొట్టి కాళ్లు తడుస్తుంటే, “గడప దాకానైనా తీసుకపో, లోపలికి వద్దులే” అన్నాడు. పుట్టమ్మ మరుసటి రోజుకు బండి మాట్లాడి వచ్చింది. ఆ సాయంత్రమే అతను పోయాడు.

తీర్పుకు ముందు జడ్జి ఆమెను కోర్టు భాష కన్నడంలో అడిగాడు. “ఆ ఇంటికి ఈ రోజుల్లో నెలకు ఎంత బాడుగ వస్తుందమ్మా? నీకు జరిగిన నష్టం ఎంత?”

“ఆయప్ప గడప దాకా అడిగినాడు సామీ” అంది పుట్టమ్మ.

జడ్జి కాసేపు కలం కింద పెట్టాడు. మళ్లీ తీసుకుని, బాడుగ ఎంతని మెల్లగా అడిగాడు. ఆమె చెప్పింది.

ఇల్లు అప్పగించాలని, ఇరవై ఆరు నెలలకు పరిహారం కట్టాలని తీర్పు వచ్చింది. వెంకటేశప్ప ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా మూటలెత్తి, డబ్బు కట్టేశాడు. “ఈ రెండేండ్లలో సరుకు బాగా పలికిందమ్మా, నాకు నష్టమేం లేదు” అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. “ఆయప్ప పోయినాడంట గదా, పాపం” అని కూడా అన్నాడు.

చెల్లెలికి, ప్లీడరుకు ఇవ్వాల్సింది ఇచ్చాక పుట్టమ్మ చేతిలో పెద్దగా మిగల్లేదు. చింతామణి ఇంటికొచ్చి శనక్కాయల పొట్టు ఊడ్చింది, ఎలుకల బొక్కలు పూడ్చింది. చాప ఏ మూల పరిచినా కునుకు పట్టేది కాదు. పొయ్యి రాజేసి, ఎవరికి వండాలో తెలియక ఆర్పేసేది.

మూడో వారం వెంకటేశప్ప స్టాంపు కాగితంతో వచ్చాడు. ఆ బజారులో అంత బాడుగ ఇచ్చేవాళ్లు మరొకరు లేరు.

“ఈసారి ఎన్నేండ్లకు రాయమంటావమ్మా?”

“నీకెన్ని కావాల్నో రాసుకో అప్పా” అంటూ వేలిముద్ర వేసింది. వెనక కట్టెలు పెట్టుకునే సాయబానులో తను ఉంటానని అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు. మధ్యాహ్నానికి మూటల బండి వాకిట్లోకి వస్తే, పుట్టమ్మే లేచి తలుపులు బార్లా తీసింది.