కోశాగారదీపము

శరత్కాల మరుదెంచెను. వర్షర్తువునందు బురదనీటితో నుప్పొంగి యొడ్లు గోసిన నాగావళి తేటపడి యిసుకతిన్నెల నడుమ మెల్లఁగాఁ బాఱుచుండెను. ఒడ్డున రెల్లుపూలు తెల్లనై గాలి కూఁగుచుండెను. ఆయుధపూజ సమీపించుటచే నా పట్టణమందలి కచేరీలన్నియు బూజు దులిపించుకొని మామిడితోరణములు గట్టించుకొని పనిని మాత్రము యథాప్రకారము రేపటికి వాయిదా వేయుచుండెను.

అట్టి కచేరీలలో సర్కారువారి ఖజానా యొకటి. అందు ధనము దాఁచెడి యినుపతలుపుల గదికి రెండు తాళములు. ఒకదాని తాళపుచెవి ఖజానా యధికారియగు జోగారావుగారి యొద్దను రెండవదాని చెవి ప్రధానకోశపాలకుని యొద్దను నుండును. ఇరువురును గూడినఁగాని తలుపు తెఱవరాదని ప్రభుత్వశాసనము. పూజనాఁడు రెండవ చెవి గలవారే యా తలుపునకుఁ బసుపుకుంకుమ లలంది గడప వెలుపల దీపము పెట్టవలెనని కచేరీయాచారము. ఈ రెంటిలో నాచారమే బలవత్తరమని హైమవతి మిక్కిలి యాలస్యముగాఁ దెలిసికొనెను.

ఆమె నిండుయౌవనమునందే భర్తను గోల్పోయి యీ ఖజానాలో గుమాస్తాగాఁ జేరి పరీక్షలన్నిటఁ దేఱి తన తోడివారిలోఁ బెద్దయై యుండెను. విధవ యెదురైన మొగము చిట్లించువారు కచేరీలోఁ గలరని యెఱిఁగినదగుటచే నేఁటేఁటఁ బూజనాఁడు తనంతఁ దానే సెలవు పెట్టి యింటఁ గూర్చుండెడిది. ఒకరు పొమ్మనక ముందే తొలఁగిపోవుట మర్యాద యని యామె తలంపు. ఎంత వెఱ్ఱి తలంపు!

ప్రధానకోశపాలకుని పదవి ఖాళీ కాఁగా నది హైమవతిదే యని యందఱు ననుకొనిరి. ఉత్తరువు మాత్రము తవిటినాయుఁడను వాని పేర వచ్చెను. వాఁడామె చెంతఁ బని నేర్చినవాఁడు. ఆమె తిన్నఁగా జోగారావుగారి గదికిఁ బోయి కారణ మడిగెను.

"నాకేం పట్టింపు లేదమ్మా. కాని అది లక్ష్మి ఉండే గది. రేపు లెక్కలో ఏదైనా తేడా వస్తే నలుగురూ మిమ్మల్నే ఆడిపోసుకుంటారు. మీ మంచికే చెబుతున్నాను" అని యాయన కాగితములలోఁ దల దూర్చెను.

పీఁక నులుమువారును నీ మంచికే యని నులుముట లోకమునఁ గ్రొత్త గాదు. హైమవతి పైయధికారులకు ఫిర్యాదు చేసెను. వారు చాలకాలము దాని నటునిటు ద్రిప్పి యేఁటేఁటఁ బూజకుఁ దొలఁగుటచే విధవ పూజకుఁ దగదను నాచారమును ఫిర్యాదుదారు తానే యొప్పుకొన్నదనియు నందుచే వివక్ష యేమియు లేదనియుఁ ద్రోసిపుచ్చిరి. అది చదివి యామె యేడువలేదు. ఇన్నేండ్ల తన మర్యాదయే త్రాడై తన మెడకుఁ జుట్టుకొనెఁ గదా యని ట్రిబ్యునలునందు అప్పీలు చేసెను.

విచారణనాఁడు సర్కారు వకీలు చిఱునవ్వుతో లేచెను.

"మిమ్మల్ని పూజకు రావద్దని ఎవరైనా అన్నారా?"

"అనలేదండి. అనవలసిన అవసరం వాళ్లకు నేనే లేకుండా చేశాను. వాళ్ల పరువు నేను కాపాడితే, ఆ ఉపకారాన్నే ఇవాళ నామీద సాక్ష్యంగా తెచ్చారు."

వకీలు నవ్వు మాసిపోయెను. తాళము ద్రిప్పుటకు భర్త జీవించి యుండవలెనని యే నిబంధన చెప్పుచున్నదో చూపుఁడని న్యాయాధికారి యడిగెను. చూపువారు లేరైరి. ఆ పదవి హైమవతికే చెందవలెనని తీర్పు వెలువడెను.

ఆమె పదవి స్వీకరింపవలసిన దినము దైవికముగాఁ బూజదినమే యయ్యెను. ఈమాఱు సెలవు పెట్టక తలస్నానము చేసి జరీయంచు చీర గట్టి పసుపుకుంకుమలు చేతి సంచిలో నుంచుకొని తొలిసారిగా నా తలుపునకుఁ బూజ సేయు నాసతో వేళకు ముందే వచ్చెను. తలుపున కప్పటికే కుంకుమ పెట్టఁబడి యుండెను.

తవిటినాయుఁడు తాళపుచెవి యామె చేతఁ బెట్టుచుఁ దల వంచుకొని "పూజ పొద్దుగాలే అయిపోనాది అమ్మగారూ. మీకు సెరమెందుకని" అనెను.

ఆమె జోగారావుగారితోఁ గూడఁ దలుపు తెఱచెను. లోపల నోట్లకట్టల నడుమ నూనెదీపము వెలుఁగుచుండెను.

"దీపం లోపలెవరు పెట్టారు?"

"నానే అమ్మా. పొద్దుగాల బాబుగారూ నానూ తలుపు తీసినప్పుడెట్టినాను. గడపకాడుంటే మీ కాలు తగుల్తాదని..."

ఆ గదిలో నిప్పు నిషిద్ధము. దీపము నట్లే విడిచి తాళము వేసినచో మొదటిదినమే కర్తవ్యలోపము. ఆర్పినచో విధవ చేతఁ బూజదీప మాఱినదను నపవాదు.

"నాయుడూ, ఆర్పు" అనె హైమవతి.

"అమ్మో! నా సేత్తోనా? పిల్లలు గలోణ్ణి!"

ఆమె జోగారావుగారివంకఁ జూచెను. నిబంధనలు కంఠస్థముగా నెఱిఁగిన యా పెద్దమనిషి గోడగడియారమువంకఁ జూచెను. అంతట హైమవతి లోపలికిఁ బోయి రెండు వ్రేళ్లతో వత్తిని నలిపివేసెను.

"చూశావా? నేను ముందే చెప్పలేదూ!" అని జోగారావుగారు నాయునితో గుసగుసలాడుట యామెకు స్పష్టముగా వినఁబడెను.

ఆమె బయటికి వచ్చి తలుపు మూసి తన తాళము వేయునపుడు వ్రేలిమసి యా కుంకుమబొట్టు ప్రక్కనే నల్లని ముద్రయై యంటుకొనెను. సంచిలోని పసుపుకుంకుమలు సంచిలోనే యుండెను. ఆమె యా తాళము ద్రిప్పినన్నాళ్లు ఖజానాలో దమ్మిడీయైనఁ దేడా రాలేదు. దాని నెవరును జెప్పుకొనలేదు. ఆ మసిముద్రను మాత్రము తాఁక వెఱచి యొక్కరును దుడువరైరి. ఆమెయును దుడువలేదు.