ముసురు రోజు చేసిన జెల్

మావయ్యకు కుడిచెయ్యి పడిపోయి ఆరు నెలలైంది. నలభై ఏళ్ళు పుస్తకాలకు బైండింగు చేసి బతికిన మనిషి. ఓ పొద్దున కాగితాలు మడుస్తూ మడుస్తూనే కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయాడు. మాట పోలేదు, కాలు తిరిగొచ్చింది, చెయ్యి మాత్రం మొండికేసింది. బొటనవేలు కాస్త కదులుతుంది. చివరి మూడు వేళ్ళూ బుద్ధి పుడితే వంగుతాయి, లేకపోతే లేదు. చూపుడువేలి మీద ఆశ పెట్టుకోవద్దని డాక్టరు ముందే చెప్పేశాడు.

కోడలు ఓ పరిశోధనాశాలలో పని చేస్తుంది. పక్షవాతం వచ్చినవాళ్ళ వేళ్ళు ఏమాత్రం కదిలినా పసిగట్టే చేతొడుగు తయారు చెయ్యాలని అక్కడ నాలుగేళ్ళుగా తంటాలు పడుతున్నారు. చేతొడుగు మీద అతికించే జెల్ పట్టీల బాధ్యత ఆమెది. ఫిజియోథెరపిస్టూ, ల్యాబు పెద్ద అయిన మేడమూ కాగితాల మీద సంతకాలు పెట్టాక, మొదటి చేతొడుగు మావయ్య చేతికే ఎక్కింది.

"ఇదేంటమ్మా, ఇలా జారిపోతోంది? దేంతో చేశావు?" అన్నాడు పట్టీని ఎడంచేత్తో నలిపి చూస్తూ. జిగురుతో జీవితం గడిపినవాడు కదా, చేతికేది దొరికినా నలిపి చూడందే ఊరుకోడు.

"ఉప్పుతో మావయ్యా."

"నన్ను ఆటపట్టించకు."

"నిజంగానే. మామూలు ఉప్పు కరగాలంటే కొలిమిలో పెట్టాలి. ఈ రకం ఉప్పు గదిలో ఉంచినా ఆముదంలా ద్రవంగానే ఉంటుంది. ఎన్నాళ్ళున్నా ఆవిరైపోదు, పైగా దాంట్లోంచి కరెంటు పోతుంది. అందులో పొడుగాటి ప్లాస్టిక్ గొలుసులు పెంచితే ఇలా జెల్ అవుతుంది. మీ వేలు వంగితే పట్టీ సాగుతుంది. ఎంత సాగిందో కంప్యూటరు తెర మీద గీత లేచి చెబుతుంది."

"మరి తెగదా?"

"గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. హైడ్రోజన్ బంధాలంటారు. అంత గట్టివేం కావు. లాగితే ముందు అవే ఊడతాయి, వదిలితే మళ్ళీ పట్టుకుంటాయి. అవి ఊడుతూ ఆ లాగుడంతా తమ మీద వేసుకుంటాయి కాబట్టి అసలు గొలుసు తెగదు."

మావయ్య పట్టీని ఓసారి లాగి వదిలి, "మంచి ఏర్పాటే," అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు ఆమె ఎప్పుడూ వినలేదు.

తెగదని చెప్పిందే గాని, తెగింది. ఒక్కో పట్టీ మూడు వందల సార్లు వంగినా చెక్కుచెదరదు. ఒక్కోటి పదిసార్లకే పుటుక్కుమంటుంది. అవే సీసాలు, అవే కొలతలు, జెల్ గట్టిపడేందుకు అదే దీపం కింద అంతే సేపు. ఆమెకు పిచ్చెక్కినంత పనైంది. ఇంట్లో భర్త, "పోనీ నాలుగు రోజులు సెలవు పెట్టు," అంటే, "సెలవు పెడితే అతుక్కుంటుందా?" అని విరుచుకుపడింది. అతను వెళ్ళి టీ పెట్టుకొచ్చాడు.

ఈలోగా మావయ్య తెగిన ముక్కల్ని పారెయ్యనివ్వడం లేదు. ఓ పాత నోటుబుక్కు తీసుకుని, ఎడంచేత్తో ఒక్కో ముక్కనూ పేజీకి అతికించి, కింద వంకరటింకర అక్షరాలతో ఏదో రాసుకుంటున్నాడు. పొద్దుపోక చేస్తున్న పనిలే అనుకుంది.

ఓ ఆదివారం మధ్యాహ్నం ఆ పుస్తకం పట్టుకుని ఆమె దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఓ మాట చెప్పనా? ఇవి ముసురు రోజుల్లో చేసినవి తెగుతున్నాయి. ఎండ రోజుల్లో చేసినవి ఆగుతున్నాయి. బైండింగులోనూ అంతే. గాలిలో తడి ఉన్నరోజు నేను అట్ట అంటించేవాణ్ణి కాదు. మర్నాటికి లేచిపోయేది."

అప్పటికి వరసగా మూడో పట్టీ తెగడంతో ఆమె తల పట్టుకుని కూర్చుని ఉంది. నోరు జారింది.

"మావయ్యా, ఇది మీ మైదా జిగురు కాదు."

ఆయన మొహంలో పెద్ద మార్పేమీ కనబడలేదు. "అవునులే," అన్నాడు. పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, కాలు ఈడ్చుకుంటూ గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం చేతొడుగు వేసుకోమంటే ఒంట్లో బాగాలేదన్నాడు. గొంతు పెంచకుండా, కోపగించుకోకుండా చెప్పిన ఆ ఒక్క మాటా ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు ఆఫీసు బ్యాగులో ఆ పుస్తకం పెట్టుకుని వెళ్ళింది. ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలీదు. భోజనాల వేళ ల్యాబులో ఒక్కతే కూర్చుని తెరిచింది. పట్టీ చేసిన తేదీని ఆమే ప్రతి కవరు మీదా రాసేది. ఆయన ఆ తేదీ వేసి, ఎన్నిసార్లు వంగిందో వేసి, పక్కన 'వాన', 'మబ్బు', 'ఎండ' అని రాశాడు. తెగకుండా ఆగినవాటికీ ఒక పేజీ కేటాయించాడు. నలభై ఒక్క పట్టీలు. ఆయన అక్షరాలు మొదటి పేజీలో చీమలు పాకినట్టు ఉన్నాయి, చివరి పేజీకి వచ్చేసరికి కాస్త కుదురుకున్నాయి.

గోడ మీది యంత్రం గదిలోని తేమను రోజూ నమోదు చేస్తుంది. అలంకారానికి పెట్టినట్టు దాన్ని ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఆ లెక్కలు బయటికి తీసి, ఆయన తేదీల పక్కన పెట్టింది. రెండు తప్ప అన్నీ సరిపోయాయి.

ఆ తర్వాత అంతా తేటతెల్లమైంది. ఉప్పుద్రవాన్ని ఆమె వేడి పెట్టి ఆరబెడుతున్న మాట నిజమే. కాని తూకం వేసేటప్పుడు మూత తీస్తుంది. ముసురు రోజు ఆ కొద్దిసేపట్లోనే అది గాలిలోని నీటిని పీల్చేసుకుంటోంది. నీరు కూడా హైడ్రోజన్ బంధాలు కట్టుకునేదే. గొలుసుల మధ్య దూరి, ఒకదాన్నొకటి పట్టుకోవాల్సిన చోట్లన్నీ తనే ఆక్రమించేసింది. ఇక లాగినప్పుడు లాగుడు మీద వేసుకునేందుకు ఏమీ మిగల్లేదు.

పుస్తకం మేడం ముందు పెట్టింది. మేడం పేజీలన్నీ తిప్పి, "ఎవరిదీ రాత?" అని అడిగింది.

"మా మావయ్యగారిది."

"నేర్పుగా చేశారు," అంది మేడం. ఆ రోజే గాలి చొరని గాజుపెట్టెను ఆమెకు అప్పగించింది.

ఇంటికొచ్చేసరికి మావయ్య కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పులు విప్పి, నేరుగా వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మీరు చెప్పిందే నిజం మావయ్యా. నిన్న నేనలా అని ఉండకూడదు. తప్పయింది."

"నువ్వు అలిసిపోయి ఉన్నావు. నేనూ వేళాపాళా చూసుకోలేదు," అన్నాడు. తర్వాత ఉండబట్టలేక, "అన్నీ సరిపోయాయా?" అన్నాడు.

"రెండు తప్ప."

"ఆ రెండూ చూడాలైతే."

ఇద్దరూ నవ్వారు. ఆ రెండూ కోసేటప్పుడు బ్లేడు తగిలి అంచున గాటు పడినవని ఆయనే భూతద్దం పెట్టి పట్టుకున్నాడు.

ఈసారి నీళ్ళంటే అంతగా గిట్టని ఉప్పుద్రవాన్ని ఎంచుకుంది. రెండు రోజులు ఆరబెట్టి, గాజుపెట్టెలోనే తూచి, అందులోనే పోసి, పట్టీల మీద పల్చటి రబ్బరు తొడుగు వేసింది. బయట వాన ఎడతెరిపి లేకుండా కురుస్తున్న వారంలోనే చేసింది, కావాలనే. వెయ్యిసార్లు వంచినా ఒక్కటీ తెగలేదు.

ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చిన రోజు చేతొడుగు తొడిగారు. తెర మీద అయిదు వేళ్ళకి అయిదు గీతలు. బొటనవేలి గీత లేచింది. చివరి మూడూ ఒకదాని వెనకొకటి బద్ధకంగా లేచాయి.

"ఇప్పుడు చూపుడువేలు," అంది ఫిజియోథెరపిస్టు, మామూలుగా.

మావయ్య పళ్ళు బిగించాడు. వేలు అలాగే ఉంది. కంటికి ఏమీ కనబడలేదు. తెర మీద గీత మాత్రం వెంట్రుకంత లేచి పడింది.

కోడలు తెర దగ్గరికి వంగింది. చేతొడుగు నుంచి కంప్యూటరుకు పోయే తీగ కదిలిందేమో అనుకుంది. "చెయ్యి వదిలెయ్యండి మావయ్యా. కాసేపు ఏమీ చెయ్యకండి." గీత చదునుగా పడుకుంది. "ఇప్పుడు." లేచింది. "వదిలెయ్యండి." పడింది. తీగ గట్టిగా అదిమి పట్టుకుని మూడోసారి అడిగింది. మూడోసారీ లేచింది.

"అది నేనేనా?" అన్నాడు మావయ్య.

"మీరే."

ఆయన తెరవైపు చూస్తూ మళ్ళీ చేశాడు. మళ్ళీ చేశాడు. ఇక చాలు, వేలు అలిసిపోతుందని ఫిజియోథెరపిస్టు చెబుతున్నా వినలేదు. చివరికి ఎడంచేత్తో మొహం తుడుచుకుని, "కాసిని మంచినీళ్ళిస్తావా అమ్మా," అన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి, గ్లాసు నిండేదాకా కొళాయి దగ్గర నిలబడి, తన కళ్ళూ తుడుచుకుని తీసుకొచ్చింది.

మళ్ళీ మునుపటి చెయ్యి వస్తుందని ఎవరూ అనలేదు. రాలేదు కూడా. కాని గీత వారం వారం కొంచెం కొంచెం పైకి పాకింది. నాలుగో నెలకు వేలు వంగడం కంటికే కనబడింది. అన్నం మాత్రం ఇంకా ఎడంచేత్తోనే తింటున్నాడు.

ఓ మధ్యాహ్నం ఆమె పని తొందరగా ముగించుకుని ఇంటికొచ్చింది. మావయ్య వ్యాయామం మధ్యలోనే కుర్చీలో నిద్రపోయాడు. చేతొడుగు తియ్యలేదు, కంప్యూటరు ఆపలేదు. ఆపబోయి తెర చూసింది. అయిదు గీతలూ చదునుగా సాగుతున్నాయి. ఉండుండి రెండో గీత, చూపుడువేలిది, చిన్నగా లేచి పడుతోంది. నిద్రలో ఏ పని చేస్తున్నాడో ఏమో.

ఆమె చప్పుడు చెయ్యకుండా పక్క కుర్చీ లాక్కుని, భుజాన బ్యాగు అలాగే ఉంచుకుని, చూస్తూ కూర్చుంది.