రంగనాయకులు నెత్తి మీద పాపిడి

మైపాడు ఒడ్డున షాహిస్తా అంత మొండి పరిశోధకురాలు ఈ భూగోళం మీద ఇంకొకరు పుట్టలేదు. సముద్రంలో తేలే పసుపు డబ్బా పంపే నీటి వేడిని రోజూ ఉదయం ఆరింటికి రాసుకునేది. మూడు వందల యాభై రోజులు రాసింది. ఇంకో పదిహేను రోజులు ఖాళీ లేకుండా రాస్తే పరిశోధన ఓడలో ఆమెకు చోటు. నడిసముద్రం చూడాలని పదేళ్లుగా కాచుకుని ఉంది.

మూడు వందల యాభై ఒకటో రోజు డబ్బా పలకలేదు.

"దాని కింద చేపలు గుంపు కడతాయి మేడం. అందుకే పడవ దానికే కట్టి వల వేసినా," అన్నాడు ఊళ్లో వేటకు పోయే పెంచల్ తల గోక్కుంటా. "గాలి లాగింది. గొలుసు తెగింది."

"పడవలు కట్టొద్దని డబ్బా మీదే పలక రాసి పెట్టినాం కదన్నా!"

"ఉండాది మేడం. ఆ పలకకే కట్టినా."

షాహిస్తా అరిచిన అరుపుకు కోవూరు పొలాల్లో కొంగలన్నీ లేచిపోయినాయి.

ఇక దిక్కు రంగనాయకులు. డెబ్బై ఏళ్ల ఆ జాలరి ఒంట్లో సముద్రం ఉండేది. నడినెత్తిన పైనీళ్ల వేడి, అరికాళ్లలో అడుగునీళ్ల చలి. వేటకు పోయేవాళ్లు ఆయన పిక్క పట్టి చూసి పోవడం ఊళ్లో మామూలే. షాహిస్తా థర్మామీటర్ తీసుకుని అప్పుడే ఆయన అరుగెక్కింది.

"కదలబాక తాతా!"

"కితకితలు పెడతా కదలబాకంటే ఎట్టమ్మా?"

పదిహేను రోజులూ కొలిచింది. లెక్క చూడను పెద్దాఫీసరు సుకుమార్ వచ్చి, ముసలాయన పాదం ముట్టుకుని, చేతికంటిన ఉప్పు తుడుచుకున్నాడు.

"డబ్బా కంటే నిఖార్సుగా ఉంది. ఈయన్ని నెల్లూరు ఆఫీసుకు తరలిద్దాం."

"ఇందుకూరుపేట దాటితే నా మోకాళ్లు ఎండిపోతాయి సారూ."

"అయితే పరికరం ఇక్కడే. చూసుకునే మనిషీ ఇక్కడే." ఓడ జాబితాలో షాహిస్తా పేరు కొట్టేసినాడు.

"సార్! ఒక్క రోజు తప్పకుండా ఇచ్చినా కదా!"

"అందుకేనమ్మా. ఇంత బాగా కొలిచే మనిషిని ఎట్టా వదులుతాం?"

నెల తర్వాత ఒక ఉదయం, అరికాలికి థర్మామీటర్ ఆనించి ఉండగా రంగనాయకులు ఉలిక్కిపడినాడు.

"నీ ఓడ పోతాండాదమ్మా. నెత్తిన ఎవరో పాపిడి తీస్తాండారు."

ఆ నెరిసిన జుట్టు ఎడమ చెవి దగ్గర నుంచి మెల్లగా రెండుగా విడిపోతా వచ్చింది. కుడి చెవి దాటి ఆగేదాకా షాహిస్తా చూసింది. తర్వాత వంగి రాసుకుంది: ఇరవై ఆరున్నర.